సగటు రాయికి గీసిన ప్లాంటు: ఒక రాగి కాన్సంట్రేటర్ డిజైన్ సేవపై సమీక్ష

జాంబియాలోని కాపర్‌బెల్ట్‌లో ఒక మధ్యతరహా రాగి గని తన ఖనిజాన్ని గని పక్కనే శుద్ధి చేసుకునేందుకు కాన్సంట్రేటర్, అంటే పనికిరాని రాతిని వేరుచేసి రాగి శాతం పెంచే ప్లాంటు, కట్టించుకుంది. ల్యాబ్ పరీక్షలు చేయించడం, ఫ్లోషీట్ (ఏ దశ తరువాత ఏ దశో చూపే పటం) తయారీ, యంత్రాల ఎంపిక, డ్రాయింగులు, నిర్మాణ పర్యవేక్షణ, చివరికి ప్లాంటును నడిపి చూపించి అప్పగించడం వరకు అన్నీ ఒకే ఇంజినీరింగ్ సంస్థ చేతిలో పెట్టింది. ఆ ప్లాంటును నడిపే బృందంలో ఉన్న ప్రాసెస్ ఇంజినీరుగా ఆ సేవను ఇక్కడ సమీక్షిస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇందులో చెప్పబోయే లోపాలు ఆ ఒక్క సంస్థకే పరిమితమైనవి కావు, ఈ రంగంలో డిజైన్ పని కొనుక్కునే వారికి ఎక్కడైనా ఎదురయ్యేవే. కాపర్‌బెల్ట్‌లోనో, పక్కనున్న కాంగోలోనో, మధ్యప్రదేశ్‌లోని మన మలాంజ్‌ఖండ్ రాగి గని లాంటి చోటో పనిచేసే తెలుగు ఇంజినీర్లకు, రేపు ఇలాంటి టెండరు పత్రం చేతికి వచ్చినప్పుడు ఏ పేజీ దగ్గర ఆగి చదవాలో తెలిస్తే చాలునన్నది నా ఉద్దేశం.

ముందు ప్లాంటు పరిమాణం చెప్పాలి. గంటకు 250 టన్నులు, నడిచే సమయం 92 శాతం, అంటే రోజుకు సగటున 5,520 టన్నుల రాయి. అందులో రాగి 1.5 శాతం. దవడ క్రషర్, ఆ తరువాత రెండు దశల కోన్ క్రషర్లు, జల్లెడలు, సన్నరాయి బిన్, ఉక్కు గుండ్లతో నూరే బాల్ మిల్లు, ముతకనూ సన్ననూ వేరుచేసే సైక్లోన్లు, ఖనిజాన్ని గాలి బుడగలకు అంటించి నురుగుగా తేల్చే ఫ్లోటేషన్, తేలినదాన్ని మళ్లీ నూరే రీగ్రైండ్, నీటిని తేర్చే థిక్కెనర్లు, ప్రెజర్ ఫిల్టర్ అన్నది వరుస. డిజైన్ పత్రం హామీ ఇచ్చినది 28 శాతం రాగి ఉన్న కాన్సంట్రేట్, 90 శాతం రికవరీ, అంటే రాయిలోని రాగిలో అంత వంతు కాన్సంట్రేట్‌లోకి రావడం. ఈ లెక్కన రోజుకు 270 టన్నులకు కాస్త తక్కువ కాన్సంట్రేట్ లారీలకెక్కుతుంది, మిగిలిన 5,250 టన్నుల రాతి పిండి టెయిలింగ్స్ (ప్లాంటు వ్యర్థం) నిల్వచేసే కట్ట వైపు పోతుంది. వచ్చిన రాయిలో దాదాపు 95 శాతాన్ని మెత్తగా నూరి, తడిపి, బయట పారబోయడమే ఈ ప్లాంటు చేసే ప్రధానమైన పని అన్నమాట. ఆ సంగతి గుర్తుంటే, డిజైనర్ దృష్టి ఎంతసేపూ కాన్సంట్రేట్ చివరన ఉండి టెయిలింగ్స్ చివర మీద లేకపోవడం ఎంత ఖరీదైన అలవాటో అర్థమవుతుంది.

బాగున్న వాటితో మొదలుపెడతాను. ఫ్లోటేషన్ అంతస్తు ఈ సంస్థ చేసిన పనిలో అన్నిటికంటే మంచి భాగం. ల్యాబ్‌లో రఫర్ దశకు, అంటే ఖనిజాన్ని తేల్చే తొలి విడతకు, ఎనిమిది నిమిషాలు పట్టింది. ప్లాంటులో ఖనిజాన్ని తేల్చే తొట్లయిన సెల్లుల్లో ల్యాబ్‌లో ఉన్నంత చక్కటి కలయిక జరగదు కనుక దానికి రెండు నుంచి రెండున్నర రెట్లు సమయం ఇవ్వడం ఆనవాయితీ. వీరు రెండున్నర రెట్లు, అంటే 20 నిమిషాలు తీసుకున్నారు. గంటకు 250 టన్నుల రాయి, 33 శాతం ఘనపదార్థంతో స్లర్రీగా (నీళ్లు కలిసిన రాతి పిండిగా) మారితే నిమిషానికి సుమారు పది ఘనపు మీటర్లు వస్తుంది. ఇరవై నిమిషాలకు రెండు వందలు కాగా, సెల్లులో గాలి ఆక్రమించే చోటు కూడా కలుపుకుని 50 ఘనపు మీటర్ల సెల్లులు ఐదు పెట్టారు. లెక్క నిజాయితీగా ఉంది, కక్కుర్తి పడలేదు. ఒక్క సెల్లు మరమ్మతుకు ఆగినా దాన్ని దాటవేసి మిగతా వరుస నడిచేలా బైపాస్ ఇచ్చారు. నురుగు పారే లాండర్లకు, అంటే కాలువలకు, తగినంత వాలు ఉంది. నేల మీద పడిన స్లర్రీ దానంతట అదే సంప్ వైపు జారేలా కాంక్రీటు వాలు కూడా ఉంది. ఈ చివరి విషయం చిన్నదిగా కనిపిస్తుంది కాని, వాలు తక్కువైన ప్లాంటులో ప్రతి షిఫ్టులోనూ ఇద్దరు మనుషులు హోస్‌పైపు, పార పట్టుకుని నిలబడాల్సిందే.

ఆపరేటర్ నిలబడే చోటును కూడా ఆలోచించి పెట్టారు. రఫర్ మొదటి సెల్లు అంచు నడుము ఎత్తున ఉంటుంది. వంగకుండానే నురుగును చూడవచ్చు, చిన్న పళ్లెంలో పట్టుకుని నీటితో కదిపి ఖనిజాన్ని వేరుచేసి చూడవచ్చు. మొదటి సెల్లులో చాల్కోపైరైట్ అనే రాగి సల్ఫైడ్ ఖనిజం నిండిన నురుగు బరువుగా, ఇత్తడి మెరుపుతో గట్టు దాటుతుంది. వరుస చివరికి వచ్చేసరికి బుడగలు పెద్దవై, తేలికపడి, గాజులా పారదర్శకమవుతాయి. చివరి సెల్లులో కూడా బుడగల మీద మెరుపు కనిపిస్తే కలెక్టర్ (ఖనిజాన్ని బుడగలకు అంటుకునేలా చేసే రసాయనం) చాలలేదనో, రాయి మారిందనో అనుభవమున్న ఆపరేటర్ ల్యాబ్ ఫలితం రాకముందే చెప్పేస్తాడు. కెమెరాలు, ఆన్‌లైన్ ఎనలైజర్లు వచ్చాక ఈ చూపు అవసరం లేదనుకునే డిజైనర్లు కొందరు నడవలను ఇరుకు చేసి, లైట్లను తగ్గించేస్తున్నారు. వీరు ఆ పని చేయలేదు, అందుకు అభినందించాలి.

ఇక అసలు లోపం సంగతి. ప్లాంటు మొత్తం ఒక్క సగటు నమూనా మీద ఆధారపడి గీసింది. గనిలోని వేర్వేరు లోతుల నుంచి, వేర్వేరు చోట్ల నుంచి డ్రిల్ కోర్లు తెచ్చి, కలిపి, ఒకే మిశ్రమం చేసి, దాని మీదే నూరుడు పరీక్షలు, ఫ్లోటేషన్ పరీక్షలు చేయించారు. పరీక్షలు చేసిన ల్యాబ్ మంచిదే, నివేదిక చక్కగానే ఉంది. కాని సగటు రాయి ఏ రోజూ మిల్లులోకి రాదు. మొదటి సంవత్సరాల్లో వచ్చేది పై పొరల్లోని వాతావరణానికి మెత్తబడిన రాయి, ఆ తరువాత వచ్చేది లోతులోని గట్టి రాయి. ఈ రెండిటి మధ్యా గీత గీసినట్టుండే సగటు కేవలం ఎక్సెల్ షీట్లోనే ఉంటుంది.

దీని ప్రభావం ఎంతో లెక్కలో చూపిస్తాను. ఫ్రెడ్ బాండ్ 1952లో ప్రతిపాదించిన సూత్రమే నేటికీ బాల్ మిల్లు ఎంపికకు మొదటి మెట్టు. మిశ్రమ నమూనాకు బాండ్ సూచిక, అంటే రాయి నూరుడుకు ఎంత గట్టిదో చెప్పే అంకె, టన్నుకు 14 కిలోవాట్ అవర్లు అని వచ్చింది. 10 మిల్లీమీటర్ల రాయిని 150 మైక్రాన్లకు నూరాలంటే టన్నుకు పది యూనిట్ల శక్తి కావాలి. గంటకు 250 టన్నులకు సుమారు 2,500 కిలోవాట్లు. దానిపై పదిశాతం మార్జిన్ వేసి మోటారు ఎంచుకున్నారు. లోతు రాయికి ఆ సూచిక 16 అయితే అదే పనికి 2,870 కిలోవాట్ల దాకా కావాలి. మార్జిన్ అంతా కరిగిపోయాక కూడా చాలదు. అప్పుడు ఆపరేటర్ ముందు రెండే దారులుంటాయి. రాయి తగ్గించాలి, లేదా ముతకగా నూరడానికి ఒప్పుకోవాలి. టన్నేజీ మీద బోనసు ఉన్న గనిలో ఏ దారి ఎంచుకుంటారో చెప్పనక్కరలేదు. ఆ పదిశాతం మార్జిన్ కూడా లేని మిల్లులోనైతే, 250 టన్నులు తగ్గకుండా పట్టుకుంటే నూరుడు 150 నుంచి 190 మైక్రాన్ల దాకా ముతకబారుతుంది. విడిపోని రాగి రేణువు రాతితో కలిసి టెయిలింగ్స్‌లోకి పోతుంది. పై అధికారికి కనిపించేది టన్నేజీ నిలబడిందన్న వార్త మాత్రమే.

లోతుల వారీగా, రాతి రకాల వారీగా ఓ ఇరవై ముప్పై చిన్న నమూనాల మీద వేరువేరుగా ఇదే పరీక్ష చేయించి ఉంటే ఈ సంగతి డిజైన్ దశలోనే బయటపడేది. దానికయ్యే ఖర్చు మొత్తం ప్రాజెక్టు వ్యయంలో లెక్కలోకి రానంత చిన్నది. డిజైన్ సంస్థను ఈ విషయం అడిగితే, పరీక్షల పరిధిని ఖాతాదారే తగ్గించారని జవాబిచ్చింది. అది నిజమే కావచ్చు. అయినా నమూనాలు చాలవని రాతపూర్వకంగా హెచ్చరించడం ఇలాంటి సేవలో భాగమని నా అభిప్రాయం. డబ్బు తీసుకున్న వైద్యుడు రోగి వద్దన్నాడని రక్త పరీక్ష మానేసి మందు రాస్తే ఎవరూ మెచ్చుకోరు.

ఇదే సగటు పద్ధతి ఆక్సైడ్ రాగి విషయంలో ఇంకా ఎక్కువ నష్టం చేసింది. కాపర్‌బెల్ట్ పై పొరల్లో చాల్కోపైరైట్, బోర్నైట్, చాల్కోసైట్ అనే సల్ఫైడ్ ఖనిజాలతో పాటు మాలకైట్, క్రిసోకోలా వంటి ఆక్సైడ్ ఖనిజాలు కలిసి ఉంటాయని ఈ ప్రాంతంలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. మాలకైట్ మీద కలెక్టర్‌గా వాడే జాంతేట్ నేరుగా పట్టదు. ముందు సోడియం హైడ్రోసల్ఫైడ్ వేసి దాని పైపొరను సల్ఫైడ్‌గా మార్చాలి, ఆ తరువాతే కలెక్టర్ పనిచేస్తుంది. ఆ రసాయనం ఎక్కువైతే సల్ఫైడ్ ఖనిజాలు కూడా తేలడం మానేస్తాయి. అందుకే ముందు సల్ఫైడ్ రాగిని తేల్చేసి, ఆ తరువాత టెయిలింగ్‌లో మిగిలిన ఆక్సైడ్ కోసం దాన్ని విడతలు విడతలుగా వేయడం ఇక్కడ పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. మా డిజైన్ పత్రంలో మొత్తం రాగి శాతం ఒక్కటే ఉంది. ఆక్సైడ్ రాగిని పట్టిచ్చే అంకె, అంటే ఆమ్లంలో కరిగే రాగి ఎంత అన్న వరుస, లేనే లేదు. పై పొరల రాయి వచ్చిన రోజుల్లో చివరి సెల్లు దాటిన స్లర్రీని పళ్లెంలో కడిగి చూస్తే పచ్చని మాలకైట్ రేణువులు కంటికే కనిపించేవి. ల్యాబ్ లెక్క కోసం ఎదురుచూడాల్సిన అవసరమే ఉండేది కాదు. సల్ఫైడైజేషన్ కోసం కండిషనింగ్ ట్యాంకు, డోసింగ్ పంపులు, పొటెన్షియల్ కొలిచే ఎలక్ట్రోడులు తరువాత జోడించారు. అవి పనిచేస్తున్నాయి కాని, మొదటినుంచీ డిజైన్‌లో ఉంటే వాటికి అంత ఇరుకు మూల దక్కేది కాదు.

క్రషింగ్ విభాగం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పెద్ద రాళ్లనే నేరుగా తీసుకుని తడిగా నూరే సాగ్ మిల్లు పెట్టకుండా మూడు దశల క్రషింగ్ ఎంచుకున్నందుకు సంస్థ విద్యుత్ ఆదాను కారణంగా చూపింది. కాగితం మీద ఆ వాదన సరైనదే. పెరూలోని సెర్రో వెర్దే గనిలో 2006లో సాగ్ మిల్లు లేకుండా హెచ్‌పీజీఆర్ రోలర్లతో (రాయిని అధిక ఒత్తిడితో నలిపే జంట రోలర్లతో) భారీ కాన్సంట్రేటర్ నడిపి చూపించాక, పొడి క్రషింగ్ వైపు మొగ్గడం ఫ్యాషన్ కూడా అయింది. అయితే సెర్రో వెర్దే ఉన్నది అరెకిపా దగ్గరి ఎడారిలో. కాపర్‌బెల్ట్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన. పై పొరల రాయిలో బంకమట్టి. తడిసిన మట్టి సన్న జల్లెడ కన్నాలను పూడ్చేస్తుంది, రాయి జారే చ్యూట్ మూలల్లో పేరుకుని గట్టిపడుతుంది. కోన్ క్రషర్ లైనర్ల మధ్య పిండిలా నొక్కుకుపోయి యంత్రం మీద భారం పెంచుతుంది. వాన రోజుల్లో క్రషింగ్ సిబ్బంది చేసే పనిలో ఎక్కువ భాగం చ్యూట్లలోకి గునపాలు దించడమే. సాగ్ మిల్లులో ఇదే తడి రాయి ఏ గొడవా లేకుండా లోపలికి పోయేది. నిల్వ గుట్టకు పైకప్పు, చ్యూట్లకు మరింత నిటారు వాలు, జారుడు లైనర్లు, ముందే కడిగే జల్లెడ, వీటిలో రెండైనా ఇచ్చి ఉంటే మూడు దశల క్రషింగ్ నిర్ణయాన్ని నేను ఇంతగా విమర్శించేవాణ్ని కాదు.

సన్నరాయి బిన్ విషయం కూడా దీనితో ముడిపడిందే. డ్రాయింగు మీద అది 12 గంటల నిల్వ. క్రషర్లు ఒక షిఫ్టంతా ఆగినా మిల్లు ఆగకూడదన్నది ఉద్దేశం. తడి రాయి గోడలకు అంటుకుని, ఫీడర్ల మీద మాత్రం గొట్టంలా గుంట పడి, చుట్టూ ఉన్నది కదలకుండా నిలిచిపోతుంది. మొత్తం పరిమాణాన్ని నిల్వగా లెక్కగట్టడం మాని, కదిలే పరిమాణం ఎంతో రాయమని అడిగి ఉండాల్సింది. టెండరు పత్రంలో ఈ ఒక్క మాట చేర్చమని గట్టిగా చెబుతాను.

బాల్ మిల్లు, సైక్లోన్ల ఎంపికలో చెప్పుకోదగ్గ తప్పులు లేవు. సైక్లోన్ల నుంచి మిల్లుకు తిరిగొచ్చే ముతక రాయి భారం కొత్త రాయిలో 250 నుంచి 300 శాతం మధ్య ఉండేలా పంపులు సరిపోయాయి, స్పేర్ సైక్లోన్లు రెండు ఉన్నాయి. సైక్లోన్ల కింది మూతి అరిగితే మార్చడానికి మనిషి నిలబడే చోటు ఉంది. కింది ప్రవాహం గొడుగులా విచ్చుకుంటోందా, తాడులా ముద్దగా పడుతోందా అన్నది నడవ మీద నుంచే కనిపిస్తుంది. తాడు కట్టిందంటే ముతక రాయి పై ప్రవాహంలోకి దొంగచాటుగా వెళ్లిపోతోందని అర్థం. చూడగలిగిన చోట సైక్లోన్లు పెట్టినందుకు ఈ సంస్థకు ఒక మార్కు ఎక్కువే ఇస్తాను.

ఈ సమీక్షలో అన్నిటికంటే ఎక్కువ చోటు ప్లాంటు నడిచేటప్పుడు ప్రవాహాల నుంచి తీసే నమూనాల సేకరణకు ఇవ్వాలి. ఎందుకంటే ధర తగ్గించే చివరి రౌండులో మొదట కోతపడేది ఇదే, నడిపేవారు ఆ తరువాత ఏళ్ల తరబడి అనుభవించేదీ ఇదే. మొదటి డిజైన్‌లో ఫీడ్, కాన్సంట్రేట్, చివరి టెయిలింగ్ మూడింటికీ ప్రవాహం మొత్తాన్ని అడ్డంగా కోసే యాంత్రిక శాంప్లర్లు ఉన్నాయి. ఆఖరి కాంట్రాక్టులో టెయిలింగ్ శాంప్లర్ స్థానంలో పైపు పక్కన ఒక చిన్న ట్యాప్ వచ్చింది. దీనివల్ల జరిగేది ఇది. అడ్డంగా పరుచుకున్న పైపులో ముతక రేణువులు అడుగున దొర్లుతూ పోతాయి, సన్నవి అంతటా కలిసి ఉంటాయి. పక్కన పెట్టిన ట్యాప్‌లో సన్న పిండి ఎక్కువగా, ముతక తక్కువగా పడుతుంది. నూరుడు సరిగా జరగని రోజున పోయే రాగి అంతా ఆ ముతక రేణువుల్లోనే ఇరుక్కుని ఉంటుంది. అంటే పరిస్థితి ఎంత చెడితే ట్యాప్ చెప్పే అబద్ధం అంత పెద్దదవుతుంది.

అంకెల్లో చూద్దాం. ఫీడ్‌లో 1.5 శాతం, కాన్సంట్రేట్‌లో 28 శాతం, టెయిలింగ్‌లో 0.15 శాతం రాగి ఉంటే, అందరూ వాడే రెండు ఉత్పత్తుల సూత్రం ప్రకారం రికవరీ 90.5 శాతం వస్తుంది. టెయిలింగ్ నిజంగా 0.20 శాతం అయితే రికవరీ 87.3. రెండింటి మధ్య తేడా మూడు పాయింట్లకు పైమాటే. రోజుకు ఫీడ్‌లో 83 టన్నుల రాగి వచ్చే ప్లాంటులో ఆ మూడు పాయింట్లు రెండున్నర టన్నులకు మించిన రాగి. అంత రాగి రోజూ కట్ట వెనక్కి పోతుంటే, నివేదికలో మాత్రం 90 అనే అంకె స్థిరంగా కనిపిస్తుంది. నెలాఖరున లారీలు తూచి, కాన్సంట్రేట్‌ను కరిగించే స్మెల్టర్ పంపిన రాగి శాతం పరీక్ష ఫలితాలతో లెక్కగట్టినప్పుడు ప్లాంటు చెప్పిన రాగికీ, నిజంగా అమ్మిన రాగికీ పొంతన కుదరదు. అప్పుడు గని వాళ్లు మిల్లు వాళ్లనూ, మిల్లు వాళ్లు ల్యాబ్‌నూ, ల్యాబ్ తూకం యంత్రాన్నీ అనుమానిస్తారు. ఇంత గొడవకూ కారణం ఆ ట్యాప్.

శాంపిలింగ్ సిద్ధాంతానికి పునాది వేసిన ఫ్రెంచి ఇంజినీరు పియెర్ జీ చెప్పిన నియమాలు చాలా సరళమైనవి. ప్రవాహంలోని ప్రతి రేణువుకూ నమూనాలోకి వచ్చే అవకాశం సమానంగా ఉండాలి. కోసే కట్టర్ నోరు అతి పెద్ద రేణువుకు కనీసం మూడు రెట్లు వెడల్పుండాలి, ఎంత సన్న పదార్థమైనా 10 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అది ప్రవాహం అంతటా ఒకే వేగంతో కదలాలి. ఈ నియమాలు పాటించే శాంప్లర్‌కు స్లర్రీ పై నుంచి కిందికి పడే ఎత్తు కొంత కావాలి. డిజైన్ దశలో ఆ ఎత్తు ఉచితంగా దొరుకుతుంది, సంప్‌ను మీటరు కిందికి గీస్తే సరిపోతుంది. కాంక్రీటు పోశాక అదే ఎత్తు కోసం లాండర్ తీసేసి, పంపు బాక్సు మార్చి, ప్లాంటు ఆపాల్సి వస్తుంది. మేము చివరికి అదే చేశాం. ఆదా అయిందన్న డబ్బుకు ఎన్నో రెట్లు అప్పుడు ఖర్చయింది. డిజైన్ సంస్థ ప్రతినిధి ఆ సమావేశంలో ఎంతో మర్యాదగా, శాంప్లర్ తొలగింపునకు ఇరుపక్షాలూ సంతకాలు చేశాయని గుర్తుచేశారు. సంతకం ఉన్నమాట వాస్తవమే. చేసినవారు ప్లాంటు నడిపేవారు కారు, ప్రాజెక్టు కొనుగోలు విభాగం వారు.

నీరు, విద్యుత్తు విషయాల్లో ఈ సంస్థ పనితనం బాగుంది కనుక క్లుప్తంగా చెబుతాను. టెయిలింగ్ థిక్కెనర్ పెద్దదిగా ఎంచుకున్నారు. కింది ప్రవాహం 55 శాతం ఘనపదార్థం దగ్గర ఆగకుండా 60 దాకా చేరుతుంది. ఆ అయిదు శాతం తేడా రోజుకు 800 ఘనపు మీటర్ల నీటిని కట్ట వైపు పోకుండా ప్లాంటుకు తిరిగి ఇస్తుంది. 2024లో కరువుతో కరీబా జలాశయం అడుగంటి జాంబియా అంతటా విద్యుత్ కోతలు వచ్చినప్పుడు, థిక్కెనర్ అడుగున తిరుగుతూ బురదను తోసే రేక్‌లకు, సంప్ పంపులకు ముందే ప్రత్యేకంగా జనరేటర్ లైను ఇచ్చి ఉండటం ప్లాంటును కాపాడింది. కరెంటు పోయాక ఆ రేక్ తిరగకపోతే మందపు బురద గట్టిపడుతుంది, దాన్ని మళ్లీ తవ్వి తీయడం రోజుల పని. టెయిలింగ్స్ కట్ట డిజైన్ మాత్రం వీరి పరిధిలో లేదు, వేరే సంస్థ చేసింది. ఈ విభజనను నేను సమర్థించను. కట్టకు వచ్చే స్లర్రీ ఎంత మందంగా, ఎంత సన్నగా ఉంటుందో నిర్ణయించేది ప్లాంటే. 2014లో కెనడాలోని మౌంట్ పాలీ కట్ట తెగడం, 2025 ఫిబ్రవరిలో ఇక్కడే చాంబిషి దగ్గర ఒక కట్ట తెగి ఆమ్ల వ్యర్థాలు కఫూయె నది వ్యవస్థలో కలవడం చూశాక, ఆ రెండు డిజైన్లు వేర్వేరు అల్మారాల్లో ఉండటం భరించదగింది కాదు.

రసాయనాల గది గురించి రెండు మాటలు. జాంతేట్ తేమ తగిలి కుళ్లితే మండే స్వభావం ఉన్న కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి వస్తుంది. సోడియం హైడ్రోసల్ఫైడ్‌కు ఆమ్లం తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు వస్తుంది. జాంతేట్ నిల్వకు గాలి ఆడే షెడ్డు, విడి విద్యుత్ పరికరాలు ఇచ్చారు, అది మెచ్చుకోదగ్గ పని. రెండో రసాయనం తరువాత వచ్చింది కనుక దాని ట్యాంకు స్థలాన్ని మేమే వెతుక్కున్నాం. సున్నం విభాగం ఎక్కడైనా ఉండేలాగే దుమ్ముతో, అడ్డుపడే పైపులతో ఉంది. సున్నంతో పీహెచ్ 10.5 దాటితేనే అక్కర్లేని ఇనుప ఖనిజమైన పైరైట్ తేలకుండా అణుగుతుంది కనుక సున్నం లైనును రింగులా నిరంతరం తిప్పడం మంచి ఏర్పాటు.

ప్లాంటును మొదలుపెట్టడానికి వచ్చిన కమిషనింగ్ బృందం ఈ సేవలో నాకు బాగా నచ్చిన మరో భాగం. బృందం పెద్దాయన స్థానిక ఆపరేటర్లతో పళ్లెం పట్టుకుని నిలబడి నేర్పిన మనిషి, కంట్రోల్ రూములో కూర్చుని ఆదేశాలిచ్చే రకం కాదు. ప్రతి పంపునూ ముందు నీటితో, తరువాత పలుచటి స్లర్రీతో నడిపించి, ప్రమాదంలో యంత్రాన్ని దానంతటదే ఆపే ప్రతి ఇంటర్‌లాక్‌నూ తప్పు పరిస్థితి కల్పించి మరీ పరీక్షించారు. మా షిఫ్టులో నెల్లూరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక సీనియర్ ఫోర్‌మన్ ఉన్నారు. ఆయన డ్రాయింగుల సంచిక సంఖ్యలు సరిచూసే పని నాకు అప్పగిస్తూ, "బాబూ, పైపు ఉన్నచోట గీత ఉందా, గీత ఉన్నచోట పైపు ఉందా, రెండూ చూసుకో" అన్నారు. రెండో ప్రశ్న దగ్గర చాలాచోట్ల లేదన్న జవాబే వచ్చింది. కట్టాక మారిన వాటిని డ్రాయింగుల్లో సరిదిద్ది ఇవ్వడంలో సంస్థ చాలా ఆలస్యం చేసింది. కొన్ని వాల్వుల నంబర్లు నేటికీ బోర్డు మీద ఒకటి, కాగితం మీద ఒకటి.

హామీ పరీక్ష జరిగిన తీరు కూడా చదివేవారు తెలుసుకోవాలి. 72 గంటలు వరుసగా నడిపి 250 టన్నులు, 28 శాతం, 90 శాతం చూపించాలన్నది నిబంధన. ఏ రాయితో చూపించాలో నిబంధనలో లేదు. పరీక్షకు ముందు గనిలోని శుభ్రమైన సల్ఫైడ్ భాగం నుంచి రాయి తెచ్చి గుట్ట వేశారు. మూడు అంకెలూ దాటాయి, సర్టిఫికెట్ ఇచ్చారు, ఆఖరి వాయిదా చెల్లింపు జరిగిపోయింది. ఇందులో మోసం లేదు, ఒప్పందం అడిగినదే వారు చూపించారు. అయితే ఆ పరీక్షలో టెయిలింగ్ అంకె కూడా ఆ ట్యాప్ నుంచే వచ్చిందన్నది మాత్రం నాకు నేటికీ మింగుడుపడని విషయం.

అయిదు మార్కులకు ఈ సేవకు నేను మూడు ఇస్తాను. ఫ్లోటేషన్, నీటి విభాగం, కమిషనింగ్ మనుషులు ఆ మూడు మార్కులనూ సంపాదించిపెట్టారు. సల్ఫైడ్ రాయి ఒక్కటే ఉండి, లోతు మారినా స్వభావం పెద్దగా మారని గనికి, పొడి వాతావరణంలో, ఈ సంస్థ స్థాయి వారిని నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. పై పొరల ఆక్సైడ్, బంకమట్టి ఉన్న గనికైతే కొన్ని షరతులతోనే పెట్టుకోవాలి. పరీక్షలు రాతి రకాల వారీగా, లోతుల వారీగా జరగాలని, ప్రతి నమూనాకూ మొత్తం రాగితో పాటు ఆమ్లంలో కరిగే రాగి కూడా కొలవాలని ముందే రాయించుకోవాలి. హామీ పరీక్ష మొదటి రెండేళ్ల గని ప్రణాళికలో ఉన్న రాయితోనే జరగాలి. ధర తగ్గింపు జాబితా మీద ప్లాంటు నడపబోయే మేనేజర్ సంతకం లేకుండా ఏ యంత్రమూ తొలగకూడదు, ముఖ్యంగా శాంప్లర్లు.

ఇప్పుడు ఇదే సంస్థ రీగ్రైండ్ విస్తరణకు ప్రతిపాదన పంపింది. వారి ధర పోటీదారుల ధరకు దగ్గరగానే ఉంది, ఫ్లోటేషన్ అంతస్తు గీసిన ఇంజినీరే దీన్నీ చూస్తారట. ఆ ప్రతిపాదనలో కూడా రాయి గురించి ఉన్నది ఒకే ఒక్క వరుస, ఒకే ఒక్క సూచిక. దాన్ని తిప్పి పంపాం, లోతు కోర్ల నమూనాలు విడివిడి సంచుల్లో సిద్ధంగా ఉన్నాయని, వాటి ఫలితాలు వచ్చాకే ధర మాట్లాడదామని రాశాం.